పుట్టిన యేడు – పట్టిన రోగము

సూళ్ళూరుపేట నుండి తూర్పుగా పోవు బాట పులికాటు సరస్సును నడిమికి చీల్చుకొనుచు సుమారు 18 కిలోమీటర్ల దూరమున శ్రీహరికోట చేరును. బాటకు ఇరుప్రక్కల నీరు. వేసవిలో ఆ నీరు తీసిపోయి ఉప్పు పేరిన నేల. దీవి కావల బంగాళాఖాతము. 1969లో ఈ దీవిని రాకెట్ల ప్రయోగమునకు ఎన్నుకొనిరి. 1971 అక్టోబరు 9న రోహిణి అను చిన్న రాకెట్టు ఇచ్చట నుండి మొదటిసారిగా పైకెగసెను. అది మొదలు ఈ ప్రాంతమువారికి కాలమును లెక్కించుటకు రెండు పద్ధతులు అలవాటైనవి. ఒకటి సెకండ్లను వెనుకకు లెక్కించుట. రెండవది తాతల నాటి నుండి వచ్చుచున్న పంచాంగము. ఒకే యింటిలో, ఒకే గోడపై, ఈ రెండును తగవు లేక కాపురము చేయుచున్నవి.

అట్టి గోడ యొకదాని మీదికి 2013 జనవరిలో మూడవ లెక్క వచ్చి చేరినది.

నాకు చిన్ననాట చదువు చెప్పిన అయ్యవారొకరు ఉద్యోగము విరమించి సూళ్ళూరుపేటలో నివసించుచున్నారు. వారి అల్లుడు సింగపూరులో పని చేయుచు, సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక చీనా క్యాలెండరును తెచ్చెను. ఎఱ్ఱని అట్ట, బంగారు రంగు అక్షరములు, పండ్రెండు జంతువుల బొమ్మలు. వెనుక పుటలో ఇంగ్లీషున ఒక పట్టిక. పుట్టిన యేటి చివరి అంకె 4 గాని 5 గాని అయినచో వారిది కొయ్య తత్త్వము, కాలేయము జాగ్రత్త. 6, 7 అయినచో అగ్ని, గుండె జాగ్రత్త. 8, 9 మన్ను, ప్లీహమును కడుపును. 0, 1 లోహము, ఊపిరితిత్తులు. 2, 3 నీరు, మూత్రపిండములు. అయ్యవారు 1950లో జన్మించిరి. చివరి అంకె సున్న, కనుక లోహము, కనుక ఊపిరితిత్తులు. అప్పటికి రెండు మాసములుగా వారిని దగ్గు వదలలేదు.

వైద్యుని వద్దకు పోదము రండంటిని.

“ఇంక డాక్టరెందుకు నాయనా? నా యేడులోనే రాసుండాదే!” అనిరి.

“ఆ కాగితం అచ్చేసినాయన మీ దగ్గు విన్లేదు గదా అయ్యవారూ!”

“వినకుండానే చెప్పినాడు. అదే గదా విశేషం!”

ఈ మాటకు నాకు బదులు తోచలేదు. రోగిని చూడక, నాడి పట్టక, దగ్గు వినక రోగము చెప్పుట విశేషమా, దోషమా? ఆ పట్టిక పుట్టుపూర్వోత్తరములను వెదకుటకు నేను పూనుకొన్నది ఆ దినముననే.

పంచభూతములు మనకు కొత్తవి కావు. సూళ్ళూరుపేటకు పడమట శ్రీకాళహస్తిలో వాయులింగము కలదు. కంచిలో పృథివి, జంబుకేశ్వరమున జలము, అరుణాచలమున అగ్ని, చిదంబరమున ఆకాశము. చీనావారి అయిదును ఇవియే యని మొదట నేను భ్రమపడితిని. పోల్చి చూడగా మూడు మాత్రమే కలిసినవి. వారి వరుసలో వాయువు లేదు, ఆకాశము లేదు. వాటి స్థానమున కొయ్యయు లోహమును ఉన్నవి. అంతకు మించిన భేద మింకొకటి కలదు. మన భూతములు పదార్థములు, సృష్టికి ముడి సరుకు. వారు వాడు ‘షింగ్’ అను మాటకు నడచుట యని అర్థము. కాబట్టి వారివి అయిదు భూతములనుట కంటె అయిదు నడకలనుట యొప్పు. కొయ్య మండి నిప్పగును. నిప్పారి బూడిద మన్నగును. మంటిలో లోహము పుట్టును. లోహము కరగి నీరువలె పారును. నీరు త్రాగి చెట్టు పెరుగును. ఇది పుట్టించు నడక. గొడ్డలి చెట్టును కూల్చును. చెట్టు వేరు మంటిని చీల్చును. మట్టికట్ట నీటి నాపును. నీరు నిప్పు నార్పును. నిప్పు లోహమును కరగించును. ఇది గెలుచు నడక. పల్లెటూరి రైతు తన పొలములో ప్రతిదినము చూచు సంగతులే.

ఈ నడకలను చరిత్రకు ముడివెట్టినవాడు క్రీస్తునకు పూర్వము 3వ శతాబ్ది నాటి జౌ యెన్ అను పండితుడు. ఆయన చింత రోగములను గూర్చినది కాదు, రాజ్యములను గూర్చినది. ఒక రాజవంశము నిప్పైనచో దాని తరువాత వచ్చునది నీరు కావలెనని ఆయన సిద్ధాంతము. క్రీస్తునకు పూర్వము 221లో చీనా దేశము నంతను ఏకము చేసిన చిన్ చక్రవర్తి తన వంశము నీటిదని చాటుకొని, నీటికి చెల్లు నలుపు వన్నెను ఆస్థానమునకు ధరింపజేసెను. రాజ్యము కొల్లగొట్టినవానికి ప్రకృతియే అధికారమిచ్చినదని చెప్పుకొనుట కింతకంటె చక్కని ఉపాయముండునా?

వైద్యులు ఈ అయిదింటిని గైకొన్న తీరు వేరు. క్రీస్తు శకారంభమునకు ఇంచుమించుగా ముందు రెండు శతాబ్దులలో కూర్పబడిన ‘హువాంగ్ దీ నెయ్ జింగ్’ అను వైద్య గ్రంథము చీనా వైద్యమునకు మూలము. అందు కాలేయము కొయ్యకును, గుండె అగ్నికిని, ప్లీహము మంటికిని, ఊపిరితిత్తులు లోహమునకును, మూత్రపిండములు నీటికిని చెందినవి. వసంతము కాలేయమునకు, గ్రీష్మము గుండెకు, శరత్తు ఊపిరితిత్తులకు, హేమంతము మూత్రపిండములకు చెల్లును. పులుపు, చేదు, తీపి, కారము, ఉప్పు అను అయిదు రుచులును ఆ వరుసనే అవయవములకు పంచబడినవి. మనవారు షడ్రుచు లన్నచోట వారు వగరును విడిచిరి. ఉగాది పచ్చడిలో మామిడిపిందె లేనట్లే యనుకొందము. ఇందు శ్రోతలు గమనింపదగిన దొకటి కలదు. ఈ పంపకమంతయు ఋతువును, ఆహారమును, రోగి ముఖవర్ణమును, నాడిని చూచి వైద్యుడు వాడుకొను పనిముట్టు. రోగి ఏ యేట పుట్టెనన్నది ఈ పంపకమునకు ఆధారము కాదు.

మఱి యేడు ఎచ్చట నుండి వచ్చినది? ఈ కథ మనకును దగ్గరిదే.

చీనావారికి పది ‘కాండములు’, పండ్రెండు ‘శాఖలు’ అను గుర్తులు కలవు. రెంటిని జతపరచుచు పోయినచో 60 జతలకు వరుస మొదటికి వచ్చును. మూడువేల యేండ్లకు పూర్వము షాంగ్ రాజులు శకునము చూచుటకు వాడిన యెముకల మీద ఈ జతలే దినములను లెక్కించుటకు చెక్కబడి యున్నవి. హాన్ రాజుల కాలమున వీటితో సంవత్సరములను గూడ లెక్కింపసాగిరి. శాఖలకు ఎలుక, ఎద్దు, పులి మొదలైన జంతువులను, కాండములకు రెండేసి చొప్పున అయిదు నడకలను తగిలించిరి. పది కాండములుండుటచేత చివరి అంకెను బట్టి తత్త్వము చెప్పుట సులభమైనది. అయ్యవారి గోడ మీది పట్టికలోని రహస్య మింతియే.

మన ప్రభవ మొదలు అక్షయ వరకు గల పేర్లును అరువదియే గదా! మనవి బృహస్పతి గతి నుండి పుట్టినవి. బృహస్పతి రాశిచక్రమును చుట్టుటకు రమారమి పండ్రెండేండ్లు. అయిదు చుట్లకు అరువది. ఉత్తర దేశమున బృహస్పతి గతిని సరిచూచుకొనుచు అప్పుడప్పుడొక సంవత్సరమును త్రోసివేయుదురు. దక్షిణమున మన మా పని మానివేసితిమి. కావున మన సంవత్సరములకు గ్రహముతో సంబంధము తెగి పేర్లు మాత్రము మిగిలినవి. వారి వరుసకును మన వరుసకును మూడేండ్ల తేడా. వారి మొదటి జత 1984లో వచ్చినది, మన ప్రభవ 1987లో వచ్చినది. రెండును అరువదేండ్లవే యగుటచే ఈ తేడా ఎన్నడును మారదు. అయ్యవారు జన్మించిన 1950 చీనావారికి లోహపు పులి, మనకు వికృతి. ఆయుర్వేదమున వికృతి యనగా రోగమే! చీనా పట్టికను చూచి బెదరిన అయ్యవారు అరువది మూడేండ్లుగా వికృతి నామమును మోసికొని తిరుగుచు ఏనాడును బెదరలేదు. ఇంకను వింత, మన అరువదవ యేటిని కొందరు అక్షయయనియు, కొందరు క్షయయనియు వ్రాయుదురు. ఒక్క అకారముతో ఆరోగ్యము రోగముగా మారిపోయినది. ఆ యేట పుట్టినవారిలో ఎవరును దానికి మందు తినలేదు.

చీనా జ్యోతిష్కులలో సయితము యేటి తత్త్వముపై ఏకాభిప్రాయము లేదు. తాంగ్ రాజుల కాలమున లీ షూచుంగ్ అనునాతడు పుట్టిన యేటిని ముఖ్యముగా గైకొని మాసమును దినమును చేర్చి ఫలము చెప్పెను. తరువాత సుంగ్ రాజుల కాలమున షూ జిపింగ్ పేర వెలసిన పద్ధతి యేటిని ప్రక్కకు నెట్టి, పుట్టిన దినపు కాండమే మనుష్యునికి ప్రధానమన్నది. నేడు చీనాలో శ్రద్ధగా జాతకము వ్రాయువారు అనుసరించునది ఇదియే. క్యాలెండరు వెనుక అచ్చొత్తునది వారి పాత లెక్కలోని ఒక ముక్క. ఇది చాలదన్నట్లు, ‘నాదతత్త్వ’ మనదగిన మరియొక పాత లెక్క ఉన్నది. దానిలో రెండేసి సంవత్సరముల నొక జంటగా గూర్చి వేరొక తత్త్వమును చెప్పుదురు. ఆ లెక్కకు 1950, 1951 దేవదారు జాతి చెట్ల కొయ్య. అనగా ఒక లెక్కకు అయ్యవారి ఊపిరితిత్తులు, ఇంకొక లెక్కకు అయ్యవారి కాలేయము!

ఈ గజిబిజిని చూచి నవ్వినవాడు చీనాలోనే యున్నాడు. క్రీస్తు శకము 1వ శతాబ్దికి చెందిన వాంగ్ చుంగ్ అను తార్కికుడు ‘లున్ హెంగ్’ అను గ్రంథము వ్రాసెను. అందాయన యడిగిన ప్రశ్న పిల్లలకు గూడ తెలియును. గుఱ్ఱము అగ్ని శాఖది. ఎలుక నీటి శాఖది. నీరు అగ్నిని గెలుచుట నిజమైనచో ఎలుకలు గుఱ్ఱములను తరుమవేమి? కోడి లోహము, కుందేలు కొయ్య. కోడి కుందేలును పొడిచి చంపదేమి? పందొమ్మిది శతాబ్దుల క్రిందటి ఈ హేళనకు సరియైన సమాధాన మెవ్వరును చెప్పలేదు.

చెప్పకపోవుటచే కలిగిన ఫలమేమో జపానులో కనబడినది. చీనా వరుసలో అగ్ని కాండమును గుఱ్ఱపు శాఖయు కలిసిన యేడు అరువదేండ్ల కొకసారి వచ్చును. ఆ యేట పుట్టిన ఆడుపిల్ల కోపిష్ఠి యగుననియు, భర్త ఆయుస్సును హరించుననియు జపానులో ఒక నమ్మకము బలిసినది. ప్రేమికుని కొరకు ఇంటికి నిప్పు పెట్టినదని 1683లో దహన శిక్షకు గురియైన ఓషిచి యను యువతి, 1666 నాటి అగ్ని గుఱ్ఱపు యేటిదని చెప్పుకొనుట దీనికి తోడైనది. 1966లో ఆ యేడు మరల వచ్చినది. అప్పటికి జపాను రైళ్ళకును రేడియోలకును ప్రపంచ ప్రసిద్ధి కన్న దేశము. అయినను 1965లో సుమారు 18 లక్షల 20 వేలుగా నున్న జననములు 1966లో 13 లక్షల 60 వేలకు పడిపోయినవి. 1967లో మరల 19 లక్షల 30 వేలు దాటినవి. కరువు లేదు, యుద్ధము లేదు. ఒక యేటి పేరు చూచి నాల్గింట ఒక వంతు శిశువులు పుట్టుటయే మానిరి.

ఆ 1966 మనకు పరాభవ నామ సంవత్సరము. మూడేండ్ల తేడా మారదని చెప్పితిని గదా, అగ్ని గుఱ్ఱము వచ్చినప్పుడెల్ల మనకు పరాభవయే వచ్చును. 2026లో చీనా కొత్త యేడు ఫిబ్రవరి 17న, మన ఉగాది మార్చి 19న వచ్చినవి. పేర్లు మరల అవియే. పేరును బట్టి భయపడవలెనన్నచో జపానువారి కంటె మనకే ఎక్కువ కారణమున్నది. పరాభవలో పుట్టిన పిల్లను కోడలుగా తెచ్చుకొనరాదను మాట మనలో పుట్టలేదు. దీనికి మనము గర్వింప బనిలేదు. మూలా నక్షత్రపు పిల్ల యని, కుజదోషపు పిల్ల యని, ఆ పని చేయుటకు మనకు వేరు సాధనము లున్నవి.

జననముల మాట యటుండ, రోగముల మాట యేమి? దీనిని లెక్కలతో పరీక్షింప బూనిన దొక అమెరికా విశ్వవిద్యాలయ ఆచార్యుడు. సాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన డేవిడ్ ఫిలిప్స్, ఆయన సహచరులు, 1993లో ‘లాన్సెట్’ అను వైద్య పత్రికలో తమ పరిశోధనను ప్రకటించిరి. కాలిఫోర్నియాలో మరణించిన 28,169 మంది చీనా సంతతివారిని, 412,632 మంది తెల్లజాతివారిని వారు పోల్చిరి. లోహపు యేట పుట్టి ఊపిరితిత్తుల వ్యాధి వచ్చినవారు, మంటి యేట పుట్టి కంతులు వచ్చినవారు, ఇట్లు యేడును వ్యాధియు ‘కలిసిన’ చీనావారు, అదే వ్యాధి గల ఇతర చీనావారి కంటె 1.3 మొదలు 4.9 యేండ్ల వరకు ముందుగా మరణించిరని వారు తేల్చిరి. తెల్లజాతివారిలో ఈ తేడా లేదు. సంప్రదాయమును గట్టిగా పట్టుకొన్నవారిలో తేడా మరింత ఎక్కువ. అనగా వారిని చంపినది నక్షత్రము కాదు, నక్షత్రము చంపునను నమ్మకము; ఎట్లును పోవువాడనే యని మనస్సు చేతులు ముడుచుకొనుట.

ఈ మాట విన్నప్పుడు నాకు అయ్యవారు జ్ఞప్తికి వచ్చి ఒడలు జలదరించినది. అయితే న్యాయము న్యాయమే. 2006లో గేరీ స్మిత్ అను మరియొక ఆచార్యుడు ఆ లెక్కలను తిరుగదోడి, తరువాతి సంవత్సరముల మరణములను గూడ పరీక్షించి, ఫిలిప్స్ చెప్పిన తేడా నిలువదని ప్రకటించెను. మూఢనమ్మకమునకు వ్యతిరేకముగా నున్నదని ఒక లెక్కను మనము గ్రుడ్డిగా పట్టుకొన్నచో అదియు నమ్మకమే యగును. కాని ఒకటి నిశ్చయము. నమ్మకము నేరుగా ప్రాణము తీసినను తీయకున్నను, వైద్యుని వాకిలి తొక్కనీయక ఆపినచో రోగము తన పని తాను చేసికొనిపోవును. దీనిని తెలిసికొనుటకు కాలిఫోర్నియా పోనక్కరలేదు.

చీనా దేశమునకును మన తీరమునకును పరిచయ మీనాటిది కాదు. శ్రీహరికోటకు ఉత్తరముగా ఇదే నెల్లూరు తీరమున కొత్తపట్నము కలదు. అచ్చట త్రవ్వకములలో నడిమి యుగమునకు చెందిన చీనా పింగాణి పెంకులు బయల్పడినవి. 7వ శతాబ్దిలో హ్యూన్‌త్సాంగ్ మన ఆంధ్ర దేశమున సంచరించెను. ఆయన తరువాత వచ్చిన ఇత్సింగ్ మన వైద్యుల అష్టాంగములను వర్ణించుచునే, మూలికలలో తమ దేశమునకు సాటి లేదని వ్రాసికొనెను. ఇచ్చటి నుండి పోయినవియు తక్కువ కాదు. తాంగ్ రాజధానిలో గౌతమ సిద్ధుడను భారతీయ సంతతి జ్యోతిష్కుడు 718లో మన నవగ్రహ గణితమును చీనా భాషలోనికి మార్చెను. నాగార్జునుని పేర నేత్రవైద్య గ్రంథ మొకటి అక్కడ ప్రచారమందెను. 7వ శతాబ్దిలోనే సున్ సిమియావో అను మహావైద్యుడు, పృథివ్యప్తేజోవాయువులు నాలుగును చెడినచో ఒక్కొక్కదాని వలన 101 చొప్పున 404 రోగములు పుట్టునను బౌద్ధుల మాటను తన గ్రంథమున చేర్చుకొనెను. అయిదు నడకల దేశమున మన నాలుగు భూతములకు గూడ పీట వేసిరన్నమాట. పంపకములు ఎన్నియైనను వైద్యుడు తనకు పనికివచ్చినంత వరకే పుచ్చుకొనును.

ఇక మన వైద్యుల తీర్పేమి? వాతము, పిత్తము, కఫము అను త్రిదోషముల హెచ్చుతగ్గులను బట్టి ఒక్కొక్కరికి ఒక్కొక్క ప్రకృతి యుండునని చరక సంహిత చెప్పినది. ఆ ప్రకృతి తల్లిదండ్రుల బీజములను, గర్భస్థితిని, కాలమును, తల్లి తిన్న యాహారమును బట్టి ఏర్పడునట. సంవత్సరము పేరు ఆ వరుసలో లేదు. విమానస్థానము మూడవ అధ్యాయమున ఇంతకంటె గొప్ప చర్చ కలదు. గంగ యొడ్డున, కాంపిల్యమున, ఆత్రేయ మహర్షిని అగ్నివేశు డడుగును: మనుష్యుల ప్రకృతులు, ఆహారములు, బలములు, వయస్సులు వేరువేరై యుండగా ఒకే వ్యాధి ఒకేసారి జనపదమునంతను ఎట్లు నాశము చేయును? వారందరికి ఉమ్మడిగా నున్నవి నాలుగు, గాలి, నీరు, నేల, కాలము. అవి చెడినచో ప్రకృతి భేదము ఎవ్వరిని కాపాడదని గురువు బదులు చెప్పెను. మఱి ఆయుస్సు ముందే నిర్ణయమైనదా యని శిష్యుడు మరల అడిగెను. అట్లే యైనచో మందులతోను, శాంతులతోను, పామును చూచి తప్పుకొనుటతోను మనుష్యునికి పని యేమున్నదని ఆత్రేయుడు తిరుగ బ్రశ్నించెను. దైవముతో పాటు మనుష్య ప్రయత్నమును గూడ ఆయుస్సున భాగమని ఆయన మతము. అయ్యవారి మాటకు బదులు నాకిచ్చట దొరకినది.

ఆత్రేయుని మాటకు మన తీరమే సాక్ష్యము. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిని పాడుచేసిన మహాక్షామమును తెలుగువారు ధాత కరువందురు. 1876 మన ధాత నామ సంవత్సరము. నెల్లూరు మండలమును దాని వాత పడినది. అన్నము లేనివానికి కఫ ప్రకృతి, పిత్త ప్రకృతి యను భేద మేమి? ఆ కరువు పనులలోనే చెన్నపట్నమున అడయారు, కూవం నదులను కలుపు కాలువ భాగమును త్రవ్వించి, మొత్తము కాలువకు అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు పెట్టిరి. పులికాటు మీదుగా ఉత్తరమునకు సాగు కాలువ యదియే. అంతకు పూర్వము 1832–33 నాటి గుంటూరు కరువు నందన కరువు. ఆ తరువాత నందన 1892లో, 1952లో, 2012లోను, ధాత 1936లో, 1996లోను వచ్చిపోయినవి. ఆ పాత కరువులను వెంట తేలేదు. మన పెద్దలు యేటి పేరును దుఃఖమునకు గుర్తుగా కట్టిరే కాని కారణముగా కట్టలేదు.

శ్రీహరికోట దీవి ఆదివాసుల మాట చెప్పక ఈ ప్రసంగము ముగించుట తగదు. రాకెట్లకు ముందు ఈ యడవి యానాదులది. 1835లో ప్రభుత్వము దీవిని తన యధీనమునకు తెచ్చుకొన్నప్పుడు లోపలి యడవిలో ఉన్నవారు వారే. తేనె, కుంకుడుకాయలు, చింతపండు, పేము, సుగంధిపాల, ముష్టి గింజలు, బట్టలకు ఎఱ్ఱరంగు వేయు చిరివేరు వారు సేకరించి యిచ్చినవి. 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథమున వారి వృత్తాంతము విపులముగా నున్నది. సోదె చెప్పుట వారిలోను కలదు. కావున వారిని శుద్ధ హేతువాదులుగా చిత్రించుట నా యుద్దేశము కాదు. ఐనను పుట్టిన ఘడియను వ్రాసి దాచుకొను వసతి అడవిలో బ్రతుకువారికి ఎక్కడిది? ముష్టి గింజ సంగతి చూడుడు. పెద్ద మోతాదున అది ప్రాణము తీయు విషము. శుద్ధి చేసి ఇసుమంత వాడినచో ఆయుర్వేదమున ఔషధము. అట్టి గింజను చేత పట్టినవాడు ఎదుటనున్న మనుష్యుని ఒడ్డు పొడవు, బలము, నీరసము చూడక యేటి అంకెను చూచినచో ఏమగును? 1969 తరువాత దీవి వాసులలో అనేకులు ఆ స్థలమును విడిచిరి. ఎవని జాతకములోను ఆ వలస వ్రాసియుండలేదు.

ఈ సంగతులన్నియు ఒక్కొక్కటిగా అయ్యవారికి చెప్పితిని. చరకుడు వారిని కదల్చలేదు, లాన్సెట్టు కదల్చలేదు. దేవదారు కొయ్య కదల్చినది.

“అంటే, ఒక లెక్కకు ఊపిరితిత్తులు, ఇంకో లెక్కకు కాలేయమా?” అనిరి.

“అవునయ్యవారూ.”

“ఒకే పిల్లోడికి రెండు పుట్టినరోజులు రాసుకొస్తే బళ్ళో చేర్చుకునేవాణ్ణా నేను? పద, ఆస్పత్రికే పోదాం.”

కళ్ళె పరీక్షలో క్షయ యని తేలినది. అది వారి వీధిలో ఇద్దరికి అదివరకే వచ్చినది. ఆ యిద్దరిలో ఒకరు 1968లోను, ఒకరు 1983లోను పుట్టినవారు, ఒకరు మన్ను, ఒకరు నీరు. ముగ్గురును పీల్చిన గాలి ఒక్కటే. ఆరు మాసములు మందులు తప్పక వాడి అయ్యవారు కోలుకొనిరి. ఆ క్యాలెండరును మాత్రము గోడ మీద నుండి తీయలేదు, బొమ్మలు బాగున్నవట.

2013 నవంబరు 5, మంగళవారము మధ్యాహ్నము 2 గంటల 38 నిమిషములకు శ్రీహరికోట నుండి మంగళయానము బయలుదేరినప్పుడు మేమిద్దరము వారి మిద్దె మీద నుంటిమి. అన్ని మెట్లెక్కినను వారికి దగ్గు రాలేదు. పులికాటు కావల తెల్లని పొగ నిలువుగా లేచి, తూర్పునకు వంగి, సముద్రము మీదికి పోయినది. చప్పుడు కొంత తడవునకు గాని మాకు చేరలేదు. చీనావారు గ్రహములకు అయిదు నడకల పేర్లే పెట్టిరనియు, బుధుడు నీటి చుక్క, శుక్రుడు లోహపు చుక్క, గురువు కొయ్య చుక్క, శని మంటి చుక్క, ఈ కుజుడు అగ్ని చుక్క అనియు నేను వారికి చెప్పుచుంటిని. అయ్యవారు వినుచున్నట్లు లేరు. వారి రెండవ కుమార్తెకు కుజదోషమని మూడు సంబంధములు తప్పిపోయినవి.

పొగ చెదరిన పిమ్మట వారు నావైపు తిరిగి, “అక్కడికి చేరేదెప్పుడంట?” అని యడిగిరి.

“వచ్చే సెప్టెంబరుకంట అయ్యవారూ.”

“సరే, అంతవరకూ మా పిల్ల సంగతి ఆపమంటాను పురోహితుణ్ణి. ఎట్లాగూ మనవాళ్ళే పోతున్నారు, కుజుణ్ణే అడిగి వస్తారు” అని వారు మెట్లు దిగసాగిరి.